విడిచినవారి పూచీ

పని కోసం పెంచుకున్న జంతువును మనిషి తీసుకెళ్ళి ఇంకో నేల మీద విడిచిపెడతాడు. అది అక్కడ బతకడం నేర్చుకుంటుంది, పిల్లల్ని కంటుంది, దొరికింది తింటుంది. కొన్నేళ్ళు గడిచాక అదే మనిషో, అతని మనవలో, "ఇది ఇక్కడిది కాదు, దీనివల్ల చేటు" అంటూ బోను పట్టుకొని దాని వెంట పడతారు. ఈ పట్టుకోవడం న్యాయమేనా? న్యాయమే అయితే ఏ పేరు మీద న్యాయం? అడవిలో ఎవరుండాలో, ఎవరు పోవాలో బయటివాళ్ళు రాసిన కాగితాల కింద తరతరాలుగా బతుకుతున్నవాళ్ళం మనం. ఈ ప్రశ్న మనది కాదని పక్కకు తప్పుకోలేం.

ఫెర్రెట్ అనే జంతువును ముందు పెట్టుకొని ఆలోచిద్దాం. అది మన అడవుల్లో ఉండదు. చూడటానికి ముంగిసలా ఉంటుంది, పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు. చుట్టరికం మాత్రం ముంగిసతో కాదు, మన వాగుల్లో ఈదే నీటికుక్కతో. ఐరోపా అడవుల్లో పోల్‌క్యాట్ అనే జంతువు ఉంది. దాన్ని దాదాపు రెండు వేల ఏళ్ళుగా మచ్చిక చేసి పెంచగా వచ్చినదే ఫెర్రెట్. ఎందుకు పెంచారంటే కుందేళ్ళ కోసం. మన చెవులపిల్లి బొరియ తవ్వదు, పొదలో పడుకుంటుంది. ఐరోపా కుందేలు అలా కాదు, నేల లోపల ఊళ్ళకు ఊళ్ళు కడుతుంది. వేటగాడు బొరియ నోళ్ళన్నిటికీ చిన్న చిన్న వలలు కప్పి, ఒక నోటిలోంచి ఫెర్రెట్‌ను లోపలికి వదులుతాడు. దాని అలికిడికి కుందేళ్ళు బయటికి దూకి వలలో చిక్కుకుంటాయి. ఎలుక కన్నానికి ఒక వైపు పొగ పెట్టి, రెండో వైపు వల పట్టుకు కూర్చునే మన పిల్లలకు ఈ పని విడమరిచి చెప్పక్కర్లేదు. పొగ చేసే పనిని అక్కడ జంతువు చేస్తుంది.

ఈ జంతువు న్యూజిలాండ్ ఎందుకు వెళ్ళిందో చూస్తే కథ అర్థమవుతుంది. మనుషులు అడుగుపెట్టకముందు ఆ దేశంలో గబ్బిలాలు తప్ప నేల మీద పాలిచ్చి పెంచే జంతువే లేదు. అందుకే అక్కడి పక్షులు కొన్ని ఎగరడం మానేశాయి. నేల మీద గూడు పెట్టినా భయం లేని కాలం అది. 19వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన బ్రిటిషువాళ్ళు వేట సరదాకూ, కూరకూ కుందేళ్ళను తెచ్చి విడిచారు. అవి గొర్రెల మేతంతా తినేశాయి. 1876లో కుందేళ్ళ బెడద మీద ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. చట్టంతో కుందేళ్ళు ఆగవు కదా! 1880లలో ప్రభుత్వమూ, పెద్ద గొర్రెల రైతులూ కలిసి వేల సంఖ్యలో ఫెర్రెట్లను తెప్పించి విడిచారు. వాటి వెనకే స్టోట్, వీజెల్ అనే చిన్న చుట్టాలను కూడా తెచ్చారు. ఇవి కుందేళ్ళ దగ్గర ఆగవు, పక్షుల మీద పడతాయి అని పక్షుల సంగతి తెలిసినవాళ్ళు ముందే మొత్తుకున్నారు. గొర్రెల లెక్క ముందు పక్షుల లెక్క నిలవలేదు.

వాళ్ళు చెప్పినట్టే జరిగింది. కివి అనే ఎగరలేని పక్షి పిల్లల్ని స్టోట్ చంపుతుంది. పిల్ల దశ దాటి పెరిగిన కివిని సైతం ఫెర్రెట్ చంపగలదు. మొదట్లో ఈ జంతువులను చంపితే నేరం. 1936 నాటికి ఆ రక్షణ పూర్తిగా పోయింది. అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, 1980లలో బొచ్చు వ్యాపారం కోసం మళ్ళీ ఫెర్రెట్ ఫారాలు పెట్టారు. బొచ్చు ధర పడిపోయాక ఆ ఫారాల జంతువులు కొన్ని తప్పించుకుపోయాయి, కొన్నిటిని యజమానులే వదిలేశారు. 2002లో గానీ ఫెర్రెట్ల అమ్మకాన్నీ, పెంపకాన్నీ నిషేధించలేదు. 2016లో ఆ ప్రభుత్వం 2050 కల్లా ఎలుకలు, పాసమ్‌లు, స్టోట్లు, వీజెల్లు, ఫెర్రెట్లు దేశంలో లేకుండా చేస్తామని లక్ష్యం ప్రకటించింది. చంపితే నేరమన్న జంతువుకు, చంపడమే దేశసేవ అయింది. ఈ మధ్యలో జంతువు మారలేదు. మొదటి రోజు ఏం తిన్నదో ఇవాళా అదే తింటోంది.

మేము దీన్ని బడిలో పాఠంగా చెప్పాల్సి వస్తే ఇక్కడ ఆగుతాం. ఫెర్రెట్ తప్పు చేసిందా? తప్పు చేయాలంటే చేయకుండా ఉండే దారి కూడా ఉండాలి. ఆకలేసిన ఫెర్రెట్‌కు ఆ దారి లేదు. తప్పు లేని చోట శిక్ష లేదు. మరి పట్టడం దేనికి? పట్టకపోతే కివి పోతుంది, దానికి కూడా ఏ తప్పూ లేదు. ఇద్దరు నిరపరాధుల మధ్య మనిషి తెచ్చిపెట్టిన తగవు ఇది. కాబట్టి పట్టుకోవడం దిద్దుబాటు అనుకోవాలి గానీ శిక్ష అనుకోకూడదు. పేరు మారితే ఏమొచ్చిందని అడగొచ్చు. చాలా వచ్చింది. శిక్ష వేసేవాడికి కోపం ఉండొచ్చు, ఎదుటివాడి బాధ చూసి తృప్తి కూడా ఉండొచ్చు. దిద్దేవాడికి ఆ హక్కు లేదు. తన ఇంటివాళ్ళు చెడగొట్టినదాన్ని బాగుచేస్తున్నాడు, అంతే.

ఆ పని ఎలా చేస్తారో చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఉత్తర ఐర్లాండ్ తీరానికి కాస్త దూరంలో రాత్లిన్ అనే చిన్న దీవి ఉంది. 150 మంది దాకా మనుషులు, కొండ చరియల నిండా లక్షల్లో సముద్ర పక్షులు. అక్కడ కూడా 1980లలో కుందేళ్ళను తగ్గించాలని ఎవరో ఫెర్రెట్లను విడిచారు. పఫిన్ అనే పక్షి నేల బొరియలో గుడ్డు పెడుతుంది. బొరియలో దూరడానికే పెంచిన జంతువును తెచ్చి బొరియలో గుడ్డు పెట్టే పక్షుల మధ్య విడిచారన్నమాట. 2017లో ఒక్క ఫెర్రెట్ రెండు రోజుల్లో 26 పఫిన్లను చంపింది. తర్వాత పక్షుల సంరక్షణ సంఘమూ, ఊరివాళ్ళూ కలిసి దీవిలో ఫెర్రెట్లన్నిటినీ పట్టేసే పనికి పూనుకున్నారు. 45 లక్షల పౌండ్ల ఖర్చు, ఐదేళ్ళ పని. విడవడానికి ఒక బుట్ట, ఒక పడవ సరిపోయి ఉంటాయి.

పని వెతకడంతో మొదలవుతుంది. ఫెర్రెట్ ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, పగలు కుందేలు బొరియలోనో, రాళ్ళ గోడ సందులోనో పడుకుంటుంది. మనిషికి కనబడేది దాని జాడే. మెత్తటి మట్టిలో ఐదు వేళ్ళ అడుగు, రాతి మీద పెంట, మెడ వెనక కొరికి చంపిన పక్షి. జాడ చూసి జంతువును చెప్పడం మన పెద్దలకు చదువు. అక్కడ ఆ చదువుకు రాత్రి పూట ఒంటి వేడిని పట్టే కెమెరాలను, దారుల్లో కట్టే కెమెరాలను జోడించారు. వాటితోపాటు వుడీ అనే లాబ్రడార్ కుక్కకు ఫెర్రెట్ పెంట వాసన పసిగట్టడం నేర్పారు. కుక్క అవసరం ముఖ్యంగా చివర్లో వస్తుంది. ఉన్నదాన్ని పట్టడం ఒక ఎత్తు, ఇక లేదని తేల్చడం ఇంకో ఎత్తు. ఒక చూలు ఫెర్రెట్ మిగిలినా చేసిందంతా మళ్ళీ మొదటికే వస్తుంది. కాబట్టి కుక్క దీవంతా తిరిగి ఏమీ దొరక్కుండా వెనక్కి వచ్చిన రోజే దాని పని ఫలించిన రోజు.

పట్టే పద్ధతి చూస్తే మనసు కొంచెం చివుక్కుమంటుంది. ఫెర్రెట్ కన్నం కనబడితే తొంగిచూడకుండా ఉండలేదు. అందుకే బోనును చెక్కపెట్టెలో, సొరంగంలా కనిపించేట్టు అమరుస్తారు. లోపల కుందేలు మాంసమో, గుడ్డో పెడతారు. మనిషి దాన్ని ఏ గుణం కోసం వందల తరాలు ఏరి ఏరి పెంచాడో, చివరికి ఆ గుణమే ఎర అయింది. పనిమంతుడి పనితనాన్నే పట్టుకొని వాణ్ణి పడగొట్టడం లాంటిది ఇది. తప్పని కాదు, ఇంకో దారి లేదు. కానీ ఈ సంగతి తెలియకుండా బోను పెట్టేవాడికీ, తెలిసి పెట్టేవాడికీ తేడా ఉంటుంది.

బోను పెట్టినవాడు మర్నాడు వెళ్ళి చూడాలి. న్యూజిలాండ్ 1999 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం ప్రాణంతో పట్టే బోను పెట్టినవాళ్ళు రోజూ పొద్దు పొడిచాక 12 గంటల్లోపు దాన్ని వెళ్ళి చూడాలి. పిల్లలు పుట్టే కాలంలో తల్లిని పడితే బొరియలో కళ్ళు తెరవని పిల్లలు ఆకలితో చస్తాయి. చలికాలం చివర, మేత దొరక్క ఎరకు త్వరగా వచ్చే రోజుల్లో, ఈనకముందే పడితే ఆ పాపం ఉండదు. ఈ నియమాలు మనకు కొత్తవి కావు. ఉచ్చు వేసినవాడు ఇంట్లో పడుకోకూడదని మన ఊళ్ళలో పెద్దలు అనేవారు. ఇప్పుడు అడవిపంది కోసం పంట చుట్టూ కరెంటు తీగ లాగి ఇంటికొచ్చి నిద్రపోయేవాళ్ళున్నారు. ఆ తీగకు పంది ఎంతో మనిషీ అంతే. చావు దగ్గర చంపినవాడు లేకపోవడం వేట కాదు, కాపలా కాదు. దానికి మన భాషల్లో పేరు కూడా లేదు.

ఇక్కడ మన యువత ఒక మాట అడుగుతారని తెలుసు. వేటలో కొట్టినదాన్ని తింటాం, ఇంటింటికీ వాటా వేస్తాం, కుక్కకు కూడా ఒక ముక్క ఉంటుంది. తినడానికి కాకుండా చంపి పారేయడం ఏం ధర్మం? ఈ అనుమానం చిన్నది కాదు. మన వేటలో జంతువు చావు ఊరి తిండి అవుతుంది, అందుకే పండుగలో దానికి చోటుంది. బోనులో చచ్చిన ఫెర్రెట్‌కు ఏ పండుగలోనూ చోటు లేదు. దాని చావుకు అర్థం చెప్పేది దాని మాంసం కాదు, దాని తర్వాత బతికిన పక్షులు. అవి నిజంగా బతకాలి. సగం పట్టి సగం వదిలేస్తే పక్షులూ చస్తాయి, ఫెర్రెట్లూ ఏటా చస్తాయి, ఎవరి చావుకూ అర్థం ఉండదు. అందుకే మా ఉద్దేశంలో పూర్తి చేయగలిగిన చోటే ఈ పని మొదలుపెట్టాలి. రాత్లిన్ లాంటి దీవి చుట్టూ సముద్రం ఉంది, పూర్తి చేయొచ్చు. న్యూజిలాండ్ అంత దేశంలో పూర్తవుతుందా అన్నది 2050 నాటికి ఇప్పటి మన పిల్లలు చూస్తారు.

బ్రిటన్ పెద్ద భూభాగం మీద సంగతి వేరు. అక్కడ ఫెర్రెట్‌ను ఇప్పటికీ ఇళ్ళలో పెంచుతారు. బోను తలుపు సరిగా పడకపోతే బయటికి పోయి పొలాల గట్ల మీద, పల్లె దారుల్లో తిరుగుతుంటుంది. మనిషి అలవాటు ఉన్నది కాబట్టి చాలాసార్లు తానే మనిషి కాళ్ళ దగ్గరికి వస్తుంది. దాన్ని పట్టడానికి సొరంగం పెట్టె అక్కర్లేదు. కూర్చొని కొంచెం మాంసం చూపించి, నిదానంగా భుజాల కింద చేయి వేసి ఎత్తి, గాలి ఆడే పెట్టెలో పెట్టి, యజమానికో, ఫెర్రెట్లను చేరదీసే వాళ్ళకో అప్పగిస్తే చాలు. తరతరాలుగా బయటే పుట్టిన ఫెర్రెట్ అయితే ఆ చేతిని కొరికేస్తుంది. అక్కడే అసలు అడవి పోల్‌క్యాట్ కూడా ఉంది. ఒకప్పుడు దాదాపు అంతరించి, మళ్ళీ పెరుగుతోంది. 1981 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని బోను పెట్టి పట్టకూడదు. అది ఫెర్రెట్‌తో కలిసి పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు ఏవో చెప్పడం తెలిసినవాళ్ళకే కష్టం. ఒకే రకం ఒంటికి ఇంట్లో ఉంటే పేరుపెట్టి ముద్దు, దీవిలో ఉంటే చావు, అడవిలో ఉంటే చట్టం కాపలా. తేడా జంతువులో లేదు, అది నిలబడిన చోటులోనూ, అక్కడికి దాన్ని చేర్చిన చేతిలోనూ ఉంది.

ఇదంతా ఎక్కడో తెల్లవాళ్ళ దేశాల గొడవ అనుకునేవాళ్ళకు మన ముంగిస సంగతి చెప్పాలి. జమైకాలో చెరకు తోటలను ఎలుకలు పాడు చేస్తుంటే ముందు ఫెర్రెట్లనే ప్రయత్నించారు, అవి నిలదొక్కుకోలేదు. 1872లో ఎస్ప్యూట్ అనే తోట యజమాని భారతదేశం నుంచి 9 ముంగిసలను తెప్పించి విడిచాడు. అవి బాగా నిలదొక్కుకున్నాయి. అక్కడి నుంచి ఇతర కరీబియన్ దీవులకూ, 1883లో హవాయికీ వాటి సంతతిని పట్టుకుపోయారు. ఎలుకలతోపాటు నేల మీద గూడు పెట్టే పక్షుల్నీ, తొండల జాతుల్నీ తిన్నాయి. జపాన్‌లోని అమామి దీవిలో 1979లో విషపు పాముల కోసం 30 దాకా ముంగిసలను విడిచారు. ముంగిస పగలు తిరుగుతుంది, ఆ పాము రాత్రి తిరుగుతుంది. రెండూ కలుసుకున్నదే తక్కువ. ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా దాదాపు దొరకని అమామి కుందేలుకు మాత్రం ముంగిస బాగానే కలిసింది. బోనులు, కుక్కలు, ఏళ్ళ తరబడి తిరిగే పనివాళ్ళు, ఇంత జరిగాక 2024 సెప్టెంబరులో గానీ దీవిలో ముంగిస లేదని జపాన్ ప్రభుత్వం ప్రకటించలేకపోయింది.

మన ఇంటి వెనక పాము కనబడకపోతే ముంగిస తిరుగుతోందని సంబరపడతాం. మన దేశంలో దాన్ని పట్టడం, దాని వెంట్రుకలతో కుంచెలు చేసి అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అదే ముంగిస అక్కడ దొంగ. ఒక పిల్లవాడు అమామి కథ చదివి ముంగిస చెడ్డదని అనుకుంటే ఉపాధ్యాయులుగా మనం వాణ్ణి పట్టించుకోకుండా వదలకూడదు. న్యూజిలాండ్‌లో చాలా బడుల్లో పిల్లలు బోను పెట్టెలు తయారు చేస్తారు. చేతి పని నేర్పడం మంచిదే, అడవి కాపాడటంలో పిల్లలకు పని ఇవ్వడం ఇంకా మంచిది. కానీ చచ్చిన జంతువును చూపించి నవ్వడం నేర్పితే, పక్షి మీద ప్రేమ నేర్పినట్టు కాదు. కసి నేర్పడానికి పక్షిని అడ్డం పెట్టుకున్నట్టు.

ఈ కసి జంతువు దగ్గర ఆగదు. 'స్థానికం', 'పరాయి', 'చీడ', 'బెడద' అనే మాటలు అడవి శాఖ కాగితాల నుంచి మనుషుల నోళ్ళలోకి తేలిగ్గా వస్తాయి. బ్రిటిష్ పాలనలో పులినీ, చిరుతనూ బెడద జంతువులుగా లెక్కేసి తలకింత అని బహుమతి ఇచ్చారు. అదే పాలన 1871లో నేరస్థ జాతుల చట్టం చేసి, పుట్టుకతోనే కొన్ని జాతులను దొంగలన్నది. తర్వాత ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చి ఎరుకల వాళ్ళను స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టింది. ఏం చేశాడని కాదు, ఏ పుట్టుక అని అడిగే చూపు అది. జంతువు దగ్గర ఆ చూపు అవసరమవుతుంది, ఎందుకంటే జంతువు తన అలవాటును మార్చుకోలేదు. మనిషి దగ్గర ఆ చూపు పాపం. మన నేలలు చేజారిపోతున్నాయన్న బాధలో మన కుర్రాళ్ళు కొందరు పక్క ఊరి వలస కూలీల గురించి ఇవే మాటలు అంటున్నారు. భూమి హక్కు చట్టం అడగాల్సిన మాట, గట్టిగా అడుగుదాం. 'చీడ' అన్న మాట మాత్రం మన మీద ఒకసారి వాడినది, దాన్ని మనం చేతిలోకి తీసుకోవద్దు.

పట్టడమో, వదిలేయడమో రెండే దారులు అనుకుంటున్నవాళ్ళకు న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల నుంచి ఒక ఉదాహరణ. వాళ్ళ పూర్వీకులు వందల ఏళ్ళ కిందట పడవల్లో వచ్చినప్పుడు కియోరే అనే చిన్న ఎలుక వాళ్ళతో వచ్చింది. దాన్ని తినేవాళ్ళు. అది కూడా పక్షుల్నీ, గుడ్లనూ తిన్నది, అందులో అబద్ధం లేదు. లిటిల్ బారియర్ అనే దీవిలో పక్షుల కోసం ఆ ఎలుకను తుడిచిపెట్టాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు ఎన్గాటివాయి అనే మావోరీ తెగ అడ్డు చెప్పింది. ఈ ఎలుక మా పెద్దలతో పడవెక్కి వచ్చింది, ఇది మా వారసత్వం అన్నారు. చాలా ఏళ్ళ చర్చ తర్వాత 2004లో ఆ దీవిలో ఎలుకను తీసేశారు. దాని కోసం వేరే రెండు చిన్న దీవులను అట్టిపెట్టారు. పక్షుల నష్టం మాకు పట్టదని ఆ తెగ అనలేదు. మేము తెచ్చినది కాబట్టి దాని మంచీ చెడూ మావే అన్నారు. ఫెర్రెట్ కోసం ఒక దీవి అట్టిపెట్టమని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. తెచ్చినవాళ్ళకు అది చుట్టం కాదు, పనిముట్టు.